మూడో గొట్టానికి తూటా

బహ్రెయిన్‌లో తెలుగువాళ్ళు ఒకరికొకరు ఎదురైతే ముందు "ఏ ఊరు?" అని అడిగేవారు, ఆ తర్వాత "జీతమెంత?" అని. ఎలియేజరు మాత్రం చొక్కా జేబులోంచి ఒక ఖాళీ తూటా తీసి, "ఇలాంటిది ఎక్కడైనా చూశారాండి?" అని అడిగేవాడు. నేనెరిగిన ఆరేళ్ళలో అతను ఇంకో మాటతో పరిచయం మొదలుపెట్టగా చూడలేదు.

మనిషి మెత్తన. పాలకొల్లు దగ్గరివాడు, మీనా సల్మాన్ ఓడరేవులో ఒక వర్క్‌షాపులో లేతు మీద పని. అన్నంలో చీమ పడితే దాన్ని తీసి, ఒళ్ళు తుడిచి పంపించే రకం. అలాంటివాడికి తూటాలెందుకంటే, అవి అతనికి కాదు, బాబాకి.

జల్లాఖ్‌లో ఉండే ఒక ముసలి బహ్రెయినీ ఆసామిని మేమందరం బాబా అనేవాళ్ళం. ఆయనకు ఆస్ట్రియా దేశపు పాత వేట తుపాకులంటే పిచ్చి. పదకొండు పోగుచేశారు, అన్నిటికీ సర్కారు కాగితాలున్నాయి. ఒక్కోదానికి మూడు గొట్టాలు. పైన పక్కపక్కనే రెండు, పిట్టల మీదికి చిన్న గుండ్లు చల్లడానికి. కింద ఒకటి, పెద్ద జంతువుకు ఒంటి తూటా. అడవికి పోయినవాడికి ఏది ఎదురొస్తుందో తెలియదు కాబట్టి అలా చేశారట.

"ఇక్కడ ఎదురొచ్చేవి మేకలూ నీళ్ళ లారీలూ కదయ్యా" అంటే, "అందం కోసమక్కా" అనేవాడు ఎలియేజరు. శుక్రవారం మధ్యాహ్నాలు వెళ్ళి వాటికి నూనె పెట్టి తుడిచేది ఇతనే. చెక్క మీద చెక్కిన జింక కొమ్ముల్ని, పసిపిల్ల చెవిలో గులిమి తీసినంత జాగ్రత్తగా శుభ్రం చేసేవాడు.

చిక్కల్లా అన్నిట్లోకీ పాతదాని మూడో గొట్టంతోనే. దాని కొలత తూటాలు చెయ్యడం ఎప్పుడో మానేశారు. తుపాకీతో వచ్చిన ఖాళీది ఒక్కటే మిగిలింది, ఎలియేజరు జేబులో ఉండేది అదే. దాన్ని ఒక్కసారి పేల్చి చూడాలని బాబా కోరిక. ఆ కోరిక ఎలియేజరు నెత్తినెక్కింది.

ఓడల వంటవాళ్ళను అడిగాడు. హమద్ టౌన్‌లో ఇళ్ళు కడుతున్న మేస్త్రీలను అడిగాడు. పన్ను పీకించుకోబోయి, నోరు తెరవకముందు పళ్ళ డాక్టరును అడిగాడు. తన వర్క్‌షాపులోని గోవా గుమాస్తా చేత ఆస్ట్రియాకు ఉత్తరాలు టైపు కొట్టించాడు. ఒక జవాబు వచ్చిందని చెప్పాడు: తూటా లేదు, చేసినాయన పోయాడు, మీరు అడిగినందుకు సంతోషం. మా జనం ఏది ఇత్తడి రంగులో కనిపిస్తే అది తెచ్చిచ్చేవారు. మా ఆయన పైపు ముక్క తెచ్చాడు. మాతో మందిరానికొచ్చే తబితా లిప్‌స్టిక్కు మూత ఇచ్చింది. ఎలియేజరు ప్రతిదాన్నీ శ్రద్ధగా కొలిచి, "రెండు వెంట్రుకలు పొట్టండి" అని బాధపడి తిరిగిచ్చేవాడు.

శుక్రవారం పొద్దున్న మా తెలుగు సహవాసంలో ప్రార్థన మనవులు అడిగే వేళకు పాస్టరు సామ్యూల్ గారు ముందే కళ్ళు మూసేసుకునేవారు. అయినా ఎలియేజరు లేచేవాడు.

"మూడో గొట్టం కోసమండి."

"కిందటి వారం చేశాం కదా బ్రదర్."

"ఇంకా దొరకలేదండి."

"మందిరంలో తూటా కోసం ప్రార్థనేంటి బ్రదర్?"

"పేల్చేది ఇసక దిబ్బ మీదికేనండి. ప్రాణహాని లేదు."

పాస్టరు గారు "ప్రభువా, నీ బిడ్డ వెతికేదేమిటో నీకు తెలుసు" అని, వస్తువు పేరెత్తకుండా ముగించేవారు.

నాకు చదువు ఐదో తరగతితో ఆగింది గాని ప్రశ్నలు ఆగలేదు. ఒకరోజు అడిగాను. "నువ్వు లేతు పనివాడివి. పొడుగు తూటా ఒకటి తెచ్చి సరిపడా కోసుకోవచ్చుగా?"

"అలా కోస్తే బాగోదు రూతమ్మక్కా" అన్నాడు నేల చూస్తూ. ఆ నేల చూపు నేను గుర్తుపెట్టుకున్నాను.

ఇంతలో లోవమ్మ కష్టం వచ్చిపడింది. తుని వైపు మనిషి, మా వీధిలో ఒక ఇంట్లో పని. ఇరవై రోజుల్లో కూతురికి తొలి కాన్పు. రెండేళ్ళకు ఊరు పంపిస్తానన్న కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మూడేళ్ళయినా పాస్‌పోర్టు చేతికివ్వడు. తల్లి లేని పుట్టింట్లో పిల్ల ఎలా కంటుందని నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. అప్పుడే వచ్చాడు ఎలియేజరు. అంతా విన్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇలాంటిది ఎక్కడైనా చూశావామ్మా?"

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ కాన్పు గురించి ఏడుస్తుంటే నీకు తూటా కావలసొచ్చిందా?"

"ఉండక్కా. మీ ఇంట్లో వేటగాళ్ళెవరైనా ఉన్నారా లోవమ్మా?"

"మా తాత పందుల్ని కొట్టేవోడండి. నాటు తుపాకీ."

"చాలు. శుక్రవారం బాబా దగ్గరికెళ్దాం. తాత సంగతి చెబుదువు గాని."

"నాకు తూటాల గురించి ఏం తెలుసండి?"

"తెలియక్కర్లేదు."

ఆవిడకు తోడు ఉండాలని నేనూ ఎలియేజరు తెచ్చిన పికప్ ఎక్కాను. తుపాకులు చూడాలని కూడా. రెండోదే ఎక్కువ.

బాబా ఇంట్లో మజ్లిస్, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పెద్ద గది. ఎవరు గుమ్మం దాటినా కాఫీ, ఖర్జూరాలు తప్పవు. లోవమ్మ తాత కథ మొదలుపెట్టింది, ఎలియేజరు హిందీలో చెప్పాడు. తునిలో బయల్దేరిన పంది జల్లాఖ్ చేరేసరికి పెద్దపులి అయింది. బాబా ముందుకు వంగి వింటున్నారు. నేను మెల్లగా పక్కగదిలోకి జారుకున్నాను.

గోడకు తుపాకులు, కింద ఒక సొరుగు. సొరుగు కనిపిస్తే లాగకుండా ఉండడం నాకు చేతకాదు. నూనె గుడ్డల కింద పాత అట్టపెట్టె. పెట్టె నిండా తూటాలు. ఆ ఆకారం నాకు మా పిల్లల మొహాలంత గుర్తు. ఆరేళ్ళ ప్రార్థన నా చేతిలో ఉంది. మజ్లిస్‌లోకి పరుగెత్తాను.

"దొరికింది. ఇక్కడే ఉంది. బాబా, మిల్ గయా."

ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఎలియేజరు మొహం పాలిపోయింది. బాబా మొహం అంతకన్నా. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక తూటా తీసి, ఎలియేజరు దగ్గరున్న ఖాళీదాని పక్కన నిలబెట్టి చూశారు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇది కాదు" అన్నారు బాబా. "పొట్టి."

"రెండు వెంట్రుకలండి" అన్నాడు ఎలియేజరు తడుముకోకుండా.

"వెతుకుతూ ఉండు" అని బాబా పెట్టెను తన జేబులో వేసుకున్నారు. తర్వాత లోవమ్మ వైపు తిరిగారు. "మీ తాత మొనగాడు. ఇప్పుడు చెప్పు, నీ కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయి?"

ఆవిడ చెప్పింది. బాబా ఫోను దగ్గరికి లాక్కున్నారు. ఆ కఫీల్ తండ్రీ ఈయనా చిన్నప్పుడు కలిసి చేపలు పట్టినవాళ్ళట. ఐదు నిమిషాలు నవ్వుతూ మాట్లాడి, చివర్లో రెండు ముక్కలు నవ్వకుండా అన్నారు. "ఖలాస్. రేపు పాస్‌పోర్టు ఇస్తాడు."

తిరిగొచ్చేటప్పుడు లోవమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిద్రపోయింది, ఎన్నాళ్ళ నిద్రో. నేను ఎలియేజరును పట్టుకున్నాను.

"ఇలా ఎంతమందిని తీసుకొచ్చావు?"

"చానామందినక్కా. కష్టం చెప్పుకుందాం రమ్మంటే మనోళ్ళు రారు, సిగ్గు. తూటా సంగతంటే వస్తారు. కాఫీ లోపలికెళ్తే కష్టం దానంతటదే బయటికొస్తుంది."

"మరి నిజంగా దొరికితే?"

"దొరికిందక్కా. ఆస్ట్రియా నుంచి రెండో ఉత్తరం వచ్చి మూడేళ్ళయింది. ఒక పెట్టె ఉంది, పంపమంటారా అని. నా బైబిల్లో దాచాను."

"అయితే సొరుగులోది నువ్వు పెట్టింది కాదా?"

అతను బండి నెమ్మది చేశాడు. "కాదు. ఆ సొరుగు తియ్యొద్దంటారు బాబా. నేనూ ఇవాళే చూడ్డం."

ముందు నవ్వింది అతనే. వెతకడం ఆగితే మనుషులు రావడం ఆగుతుందని, ఒకరికి తెలియకుండా ఒకరు దొరికినదాన్ని దాచిపెట్టుకుని, ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు.

లోవమ్మ గురువారం విమానమెక్కింది. మనవరాలి కన్నా తొమ్మిది రోజులు ముందే ఇల్లు చేరింది.

ఆవిడ విమానమెక్కిన మర్నాడు, శుక్రవారం సహవాసంలో పాస్టరు గారు ప్రార్థన మనవులు అడిగి కళ్ళు మూసుకున్నారు. ఎలియేజరు లేచాడు.

"మూడో గొట్టం కోసమండి."

పాస్టరు గారు నిట్టూర్చేలోపు నేనూ లేచాను.

"గట్టిగా చెయ్యండి పాస్టరు గారూ. తొందరేం లేదని కూడా దేవుడికి చెప్పండి."