కాచిన నీళ్ళు

మొన్న సోమవారం పొద్దున మా నల్లా మూతికి నిప్పు పెట్టారు. కంగారు పడకండి, నీళ్ళు పరీక్ష చేసే పద్ధతి అదేనట. ఇరవై రెండేళ్ళుంటాయేమో మున్సిపాలిటీ పంపిన ఆ పిల్లకి, భుజాన ఒక పెట్టె తగిలించుకుని వచ్చింది. దూదిని స్పిరిట్‌లో ముంచి, పటకారుతో పట్టుకుని, వెలిగించి, నల్లా మూతి చుట్టూ తిప్పింది. నల్లాకి అంటుకున్న క్రిములు చచ్చిపోతే, లోపలినుంచి వచ్చే నీళ్ళ గుణమేమిటో సరిగ్గా తెలుస్తుందని చెప్పింది. తర్వాత చిన్న సీసా నింపుకుంది. ఇంకో గొట్టంలో కాసిని నీళ్ళు పట్టి ఏదో మందు చుక్కలు వేస్తే నీళ్ళు లేత పసుపు రంగుకి తిరిగాయి. పసుపు వస్తే మంచిదట, క్లోరిన్ ఉన్నట్టు. వెళ్తూ వెళ్తూ, "ఆజీ, పాణీ ఉకళూన్ పీతా నా?" అంది. అమ్మమ్మా, నీళ్ళు కాచి తాగుతున్నారా అని. నాకింకా యాభై నిండలేదు. ఇంకో రోజైతే ఆ "ఆజీ" అన్నందుకు నాలుగు మాటలు అనేదాన్నే. ఆ రోజు మాత్రం "ఉకళూన్" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పదమూడేళ్ళప్పుడు ఆ మాటని ఈ పక్క గదిలోనే తెలుగు చేశాను. ఆ తర్వాత ఇంతవరకు ఎవరికీ తెలుగు చేసి చెప్పలేదు.

మాది కామాటిపురా. ఆ పేరు చెప్పగానే సానుల పేట అనుకుని బయటివాళ్ళు ఒక రకంగా చూస్తారు, ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. రాళ్ళు మోసి, గోతులు తవ్వి ఈ నగరాన్ని కట్టిన మా కామాటోళ్ళ పేరే ఈ పేటకు పెట్టారని వాళ్ళకెవరు చెప్పాలి? మా తాత పాలమూరునుంచి వచ్చి, చెరువు నీళ్ళు నగరానికి తెచ్చే పెద్ద పైపులకు కాలువ తవ్వాడు. ఆయన పెద్దకొడుకు, మా పెద్దనాయిన, ఆ చెరువు మీదే కావలివాడయ్యాడు. తండ్రి దారి తవ్విన నీళ్ళకు కొడుకు కాపలా. అందుకని ఆ చెరువు తమ ఇంటి ఆస్తి అన్నట్టే మాట్లాడేవాడు ఆయన. రెండు వారాలు చెరువు దగ్గర, నాలుగు రోజులు ఇంట్లో. ఆ నాలుగు రోజులూ మా వరసగదుల చాల్‌లో ఎవడైనా నీళ్ళ డ్రమ్ములో చెయ్యి ముంచాడంటే వాడి పని అయిపోయినట్టే.

కొండల మధ్య అడవి, అడవి మధ్య చెరువు. ఆ అడవిలో చెట్టు కొట్టకూడదు, ఇల్లు కట్టకూడదు, నిప్పు రాజెయ్యకూడదు. గట్టు మీద పశువుల్ని కడగకూడదు. విగ్రహాలు నిమజ్జనం చెయ్యకూడదు. సెలవురోజున కార్లేసుకుని వచ్చే షోకిలారాయుళ్ళు నీళ్ళలో కాలు పెట్టకూడదు. జింక చచ్చి తేలితే కుళ్ళకముందే లాగి దూరంగా పాతిపెట్టాలి. వీటన్నిటికీ పెద్దనాయిన చేతిలో ఉన్నది ఒక కర్ర, ఒక ఈల. తొలివానకి కొండమీదినుంచి నీళ్ళు ఎంత ఎర్రగా దిగినా, అడవి దాటి చెరువు చేరేసరికి తేటపడతాయని, చెట్ల వేర్లూ రాలిన ఆకులూ వడపోస్తాయని, మా పెద్దమ్మ చీరకొంగు అడ్డం పెట్టి నీళ్ళు వడగట్టినట్టేనని చెప్పేవాడు. చెరువు పక్క గూడెంలో మాత్రం నల్లా లేదు. అక్కడి ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుని చెంబుతో తోడుకునేవాళ్ళట. ఆ సంగతి ఆయన మామూలుగా చెప్పేవాడు, మేమూ మామూలుగానే వినేవాళ్ళం. ఒక ఆదివారం మమ్మల్నందరినీ నగరంలోనే ఉన్న కొండమీది తోటకు తీసుకెళ్ళాడు. ఆ తోట కింద పెద్ద నీళ్ళ తొట్టి ఉంది, మా పేటకు నీళ్ళు అక్కడినుంచే దిగుతాయి. పెద్దనాయిన గేటు దగ్గరే మా అందరి చెప్పులూ విప్పించాడు. షికారుకొచ్చిన పెద్దింటివాళ్ళు చూసి నవ్వుతుంటే అక్క సిగ్గుతో చచ్చిపోయింది.

అక్క అంటే పెద్దనాయిన కూతురు, ఒక్కతే కూతురు. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. ధారావిలో ఇచ్చారు. బావ ఒక తోలుసంచుల కార్ఖానాలో కటింగు పని చేసేవాడు, నెమ్మదస్తుడు. ఆ ఎండాకాలం అక్క ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లు అంటే పదడుగుల గది, మూలన స్నానానికీ అంట్లకీ కలిపి ఒక మోరీ, బయట వరసగా అన్ని గదులకూ ఒకటే గ్యాలరీ. మా గది పక్కదే. అక్క వచ్చాక నేను మా ఇంట్లో ఉండటం మానేశాను. అది నవ్విందంటే కింద ఫాక్‌లాండ్ రోడ్ మీద టాక్సీవాడు తలెత్తి చూడాల్సిందే. పుల్ల ఐసు, పచ్చిమామిడికాయ, కుండలో చల్లటి నీళ్ళు, రోజంతా ఇవే అడిగేది.

ఆ ఏడు చెరువు బాగా ఎండింది. నీళ్ళ కోత పెట్టారు. నల్లా పొద్దున కాసేపు వచ్చి ఆగిపోయేది, మిగతా రోజంతా పైపు ఖాళీ. కొద్దిరోజులకు మా గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం దవాఖానా నర్సు గది గదికీ తిరుగుతూ పెద్దనాయిన వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. పెద్దనాయిన డ్యూటీనుంచి వచ్చి బనీనుతో కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మకు మరాఠీ అంతంతమాత్రం, అక్కకూ అంతే. పెద్దనాయినకు అడవి గార్డుల మరాఠీ వచ్చు గాని నర్సులాంటి చదువుకున్నవాళ్ళు గడగడ మాట్లాడితే అందదు. మరాఠీ బడిలో ఏడో తరగతి చదివే నేనున్నాను కదా, నర్సు నన్నే ముందుకు పిలిచింది. ఆమె రెండు మాటలు చెప్పింది. మొదటిది, నీళ్ళు బాగా మరగకాచి తాగండి అని. రెండోది, అక్క కడుపు వంక చూస్తూ, ఈ నీళ్ళతో కామెర్లు కూడా వస్తున్నాయి, కడుపుతో ఉన్నవాళ్ళకు వస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఈమెకు మాత్రం చుక్క పచ్చినీళ్ళు ఇవ్వకండి అని.

నేను మొదటి మాట తెలుగు చేశాను. "నీళ్ళు కాసి తాగాలంట."

రెండోది ఎత్తుకునేలోపే పెద్దనాయిన అందుకున్నాడు. "ఏందే, కాసి తాగాలెనా? పొద్దు పొడిసినకాంచి పొద్దుమూకేదాంక అడివిల తిరిగి నేను కాస్తనే ఉన్న గదనే! ఒక్కపారి కాసిన నీళ్ళను ఇంక ఎన్నిమాట్ల కాస్తరే?"

మా భాషలో చెరువును కాసేదీ అదే మాట, పొయ్యి మీద నీళ్ళు కాసేదీ అదే మాట. ఇంకే భాషవాళ్ళకైనా ఆ నవ్వు వచ్చేదే కాదు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క ఊరుకుంటుందా, "గట్లయితే నాయినా, పాలు గూడ నువ్వే కాయరాదు? స్టవ్ ముట్టిచ్చే పనన్న తప్పుతది!" అంది. గ్యాలరీలో ఉన్నవాళ్ళు కూడా విని నవ్వారు. చాల్ అంతా ఆ మాట పాకిపోయింది. మేం నవ్వుతుంటే అర్థమైందనుకుని నర్సు కూడా నవ్వి, పక్క గదికి వెళ్ళిపోయింది.

నేనూ నవ్వాను. రెండో మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్ళుగా తవ్వుకుంటూనే ఉన్నాను. అంతకు రెండు రోజుల ముందే, పక్క గల్లీలో ఎవరో పోయారని అక్క ముందు అన్నందుకు పెద్దమ్మ నా నెత్తిన మొట్టి, కడుపుతో ఉన్న పిల్ల ముందు చావు మాట ఎత్తుతావా అని తిట్టింది. అందుకని భయపడ్డానా? అంతమంది నవ్వుతుంటే ఆ నవ్వు చెడగొట్టడం ఇష్టం లేకపోయిందా? మొదటిదే నిజమనుకోవాలని నాకు ఆశ. రెండోదే నిజమని లోపల తెలుసు. నవ్వీ నవ్వీ అక్కకు ఎక్కిళ్ళు వచ్చాయి. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి నేనే ఇచ్చాను.

నీళ్ళు చూడటానికి తేటగానే ఉండేవి. పెద్దనాయిన డ్యూటీనుంచి రాగానే ఒక గ్లాసు తాగి, "మా చెరువే" అనడం ఎప్పుడూ ఉన్నదే, ఆ నెలలోనూ అన్నాడు. వానలు పడే ముందు అక్కకు అన్నం సయించడం మానేసింది. వేడి చేసిందన్నారు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. పసరు మందు పోస్తారని గ్రాంట్ రోడ్ స్టేషను అవతల ఎవరి దగ్గరికో తీసుకెళ్ళి రెండు రోజులు పోగొట్టారు. మూడో రోజు అక్క నన్ను చూసి ఎవరని అడిగింది. అప్పుడు టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నా ఒళ్ళో దాని కాళ్ళున్నాయి, అరికాళ్ళు కూడా పసుపు పూసినట్టున్నాయి. కడుపులో బిడ్డ ముందు పోయింది. మర్నాడు పొద్దున అక్క పోయింది. ఆడపిల్ల అని చెప్పారు.

అక్క ఉండగానే డాక్టరు వార్డు బయట పెద్దనాయినను హిందీలో అడిగాడు, ఇంట్లో నీళ్ళు కాచి తాగేవారా అని. ఆ హిందీ ఆయనకు బాగానే అర్థమైంది. కాచేవాళ్ళమని అబద్ధమాడినా అడిగేవాడు లేడు. "మైనేచ్ మనా కియా, సాబ్," అన్నాడు. నేనే వద్దన్నానని. నేను ఆయన పక్కనే, ఆయన చొక్కా పట్టుకునే నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత మా గల్లీలోకి మున్సిపాలిటీ మనుషులొచ్చారు. నల్లా నీళ్ళలో మందు చుక్కలు వేశారు. రావలసిన పసుపు రాలేదు. నేల తవ్వారు. మా చాల్‌కి వచ్చే పైపు, ఏ తాతల కాలంలో వేసిందో, చాల్ యజమాని ఎన్నడూ మార్చని పైపు, గటర్ మధ్యలోంచి వస్తోంది. తుప్పు పట్టి జల్లెడ అయిపోయింది. నీళ్ళు ధారగా వచ్చినంతసేపు పరవాలేదట. ఆగిపోయి పైపు ఖాళీ అయితే చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుందట. కోత పెట్టిన నెలల్లో రోజూ జరిగింది అదే. అన్ని కొండలు, అంత అడవి, ఒక్క గేదెను కూడా దిగనివ్వని చెరువు, మనిషి నిలబడి నడిచేంత పైపులు, చెప్పులు విప్పి నడిచిన తోట, ఇవన్నీ దాటి శుభ్రంగా వచ్చిన నీళ్ళు మా గుమ్మం ముందు ఇరవై అడుగుల్లో పాడయ్యాయి. పెద్దనాయిన ఆ గోతిలోకి దిగి, గొంతుక్కూర్చుని, పైపు చిల్లులో వేలు పెట్టి చూశాడు. వేలు మొత్తం లోపలికి పోయింది. పనివాళ్ళు లెమ్మన్నా చాలాసేపు లేవలేదు. ఆ రోజు చెరువు మీద, పైపు మీద, చాల్ యజమాని మీద, దేవుడి మీద అందరికీ వచ్చినంత కోపం నాకూ వచ్చింది. కాని నా కోపానికి ఎక్కడా నిలబడే చోటు లేదు.

పెద్దనాయినకు ఉద్యోగం ఇంకో రెండేళ్ళు ఉంటే చేశాడు. కర్ర, ఈల మామూలే. ఇంటికి వచ్చినప్పుడు మాత్రం స్టవ్ ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తానే గిన్నె పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. బుడగలు లేచినా దించేవాడు కాదు, నీళ్ళు బాగా మసలి, సగం ఆవిరై పోయేదాకా చూస్తూనే ఉండేవాడు. చాల్‌లో అందరూ ఆయన ముందు "కాసుడు" అన్న మాట వాడటం మానేశారు. చెరువును కాసుడైనా, నీళ్ళు కాసుడైనా. పెద్దమ్మ "మసలబెట్టు" అనేది, పిల్లలు "ఉబాల్" అనేవాళ్ళు.

రిటైరై వచ్చిన వారానికి, ఒక సాయంత్రం గ్యాలరీలో నేను చదువుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. కింద పూలబండివాడితో ఎవరో బేరమాడుతున్నారు. అదే చూస్తూ అడిగాడు.

"బిడ్డా, ఆ దినం ఆ నర్సమ్మ ఇంకేమన్న చెప్పిందానె? నేను నడిమిట్ల మాటందుకుంటి. నువ్వేదో చెప్పబోయినట్ల యాదికొస్తది."

పుస్తకంలో ఒక లైను వేలితో పట్టుకుని ఉన్నాను. ఆ వేలు తియ్యలేదు.

"లేదు పెద్దనాయినా. కాసి తాగుమన్నది, గంతే."

"గంతేనా?"

"గంతే."

తలూపాడు. "అయితే నాదొక్కనిదే తప్పు," అని లేచి, నీళ్ళు పెట్టే వేళయిందని లోపలికి వెళ్ళాడు. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. ఏది చెప్పకూడదో తెలియని వయసు కాదు, ఏది చెప్పాలో తెలియని వయసూ కాదు. ఆయన ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు మా పక్క గదిలోనే బతికాడు. ఒక్క వాక్యం చెప్పడానికి పందొమ్మిదేళ్ళు తక్కువ కాలమేమీ కాదు.