రెండు నల్ల పట్టీల టీవీ

మా ఇంట్లో కొత్త టీవీ కొనే లోపల మా వీధి చివర ఒక కల్యాణ మండపం లేచింది. నేను పాఠాలు చెప్పే బడికి పోయే బస్సు దాని పక్కనుంచే వెళ్ళేది. పునాదులు తీయడం చూశాను, స్లాబు వేయడం చూశాను, చివరికి అందులో జరిగిన మొదటి పెళ్ళికి భోజనానికి కూడా వెళ్ళాను. ఆ పంక్తిలో కూర్చుని కూడా మా ఆయన పక్కాయనను అడుగుతున్నాడు, ఎల్‌సీడీ మేలా, ప్లాస్మా మేలా అని. ఆయన పప్పు కలుపుకుంటూ మా వంక జాలిగా చూశాడు.

పాత టీవీ మా పెళ్ళయిన కొత్తలో కొన్నది. వెనక గంపంత వీపు. దాని పద్ధతి దానిది. మీట నొక్కితే ముందు మాటలు వచ్చేవి, బొమ్మ ఎప్పటికో వచ్చేది. కొన్ని రోజులు బొమ్మ మొత్తం తెర నడుమ ఒక తెల్లటి గీతగా ముడుచుకుని ఉండిపోయేది. పక్కన అరచేత్తో చరిస్తే ఒక్కోసారి విచ్చుకునేది, ఒక్కోసారి చరిచిన చెయ్యి నొప్పి పుట్టడమే మిగిలేది. నాకు, మా ఆయనకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మా అత్తకు.

మా మామ బతికినన్నాళ్ళు తిరుచానూరు అమ్మవారి గుడి కొలువులో ఉన్నాడు. ఊరేగింపులో అమ్మవారి పక్కనే నడిచేవాడు. ఆయన పోయాక అత్త తిరుపతిలో మా దగ్గరికి వచ్చేసింది. మోకాళ్ళు పట్టేసి గుడికి పోలేకపోయేది. అందుకని టీవీనే గుడి చేసుకుంది. పొద్దున్నే నీళ్ళు పోసుకుని, భక్తి చానెల్లో కార్యక్రమం మొదలయ్యే వేళకు తెర ముందు పీట వేసుకుని కూర్చునేది. దర్శనమైతేనే పలహారం. అంతవరకూ కాఫీ కూడా ముట్టదు.

అది కూడా ఆషామాషీ దర్శనం కాదు. కార్యక్రమం మొదలయ్యేటప్పుడు చూపించే ఊరేగింపు చూస్తేనే చూసినట్టు. ఆ తర్వాత అరగంట సేపు స్వామినీ అమ్మవారినీ ఎన్నిసార్లు చూపించినా అది లెక్కలోకి రాదు. మొదలు తప్పిపోతే, అదే కార్యక్రమం బారెడు పొద్దెక్కాక మళ్ళీ వేసేదాకా కడుపు మాడ్చుకుని కూర్చునేది. నడుమ కనిపించిన దేవుడు దేవుడు కాడా అని నేను ఎన్నోసార్లు అడిగాను. అత్త జవాబు చెప్పేది కాదు. అత్తకు చక్కెర జబ్బు. వేళకు తినకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

తెలిసి కూడా ఆమె చేసిన పని చూడండి. మాత్ర అన్నం కాదు కదా, మాత్ర మింగితే నియమం తప్పినట్టు కాదు కదా అని తనకు తానే ఒక ధర్మశాస్త్రం రాసుకుంది. తులసి తీర్థంతో చక్కెర మాత్ర వేసుకుని దర్శనం కోసం కూర్చునేది. ఒకరోజు టీవీలో తెల్లగీత తప్ప ఏమీ రాలేదు. అత్త దాని ముందే కూర్చుని, కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమట. నోట్లో చక్కెర పోసి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు నన్ను నిలబెట్టి కడిగేశాడు. ముసలామెను పస్తు పెడతారా, మళ్ళీ ఇట్లా అయితే మనిషి దక్కదు అన్నాడు. బళ్ళో పిల్లలను నిలబెట్టే దాన్ని, పదిమంది ముందు నేను తల వంచుకుని నిలబడ్డాను.

నియమం వదలమంటే అత్త వదలదు. పాతదాని పిక్చర్ ట్యూబు చచ్చిపోతోందని రిపేరు చేసే ఆయన తేల్చేశాడు. కాబట్టి కొత్త టీవీ కొనాలి. పొద్దున మీట నొక్కగానే బొమ్మ రావాలి, ముసలామె వేళకు తినాలి. ఇంత చిన్న విషయం. నేనైతే ఆ సాయంత్రమే కొనుక్కొచ్చేదాన్ని.

మా ఆయన అట్లా కొనే మనిషి కాదు. చెప్పులు కొనాలన్నా పది అంగళ్ళు తిరుగుతాడు. ఆఫీసులో ప్రతి మనిషినీ సలహా అడిగాడు. ఒకరు ఎల్‌సీడీ అంటే మరొకరు ప్లాస్మా అన్నారు. కొన్నాళ్ళు ఆగితే ధర దిగుతుందని ఇంకొకరు చెప్పారు. చిత్తూరులో మా తమ్ముడు అప్పటికే పలుచటి టీవీ కొన్నాడని తెలిసి, దాన్ని చూడటానికి పనిగట్టుకుని బస్సెక్కి పోయాడు. పొద్దున పోయి సాయంత్రానికి ఒక సంచెడు మామిడికాయలతో, పోయినప్పటికంటే ఎక్కువ అనుమానాలతో తిరిగొచ్చాడు. వాళ్ళ టీవీలో క్రికెట్టు బంతి వెనక తోక కనిపించిందట. మీ అమ్మ క్రికెట్టు చూడదు కదా అన్నాను. విషయం అది కాదన్నాడు.

ఇక రోజుల సంగతి. మంగళవారం కొత్త వస్తువు ఇంటికి రాకూడదు. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదు. శనివారం స్వామి వారం, మంచిదే, కానీ ఇనుము కొనరు. టీవీ ఇనుము కాదు, ప్లాస్టిక్కు అని మా ఆయన వాదించాడు. లోపల మేకులు ఉండవా అని అత్త అడిగింది. ఆదివారం అంగట్లో జనం ఎక్కువ, అంగడాయన సరిగా చూపించడు. మిగిలిన రోజుల్లో రాహుకాలం పోను, మా ఆయన ఆఫీసు పోను, నా బడి పోను ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. ఈ లోపల పొద్దున పూట టీవీని చరిచే పని, బొమ్మ రాకపోతే అత్తను బతిమాలే పని, మాత్ర దాచిపెట్టే పని, అన్నీ నావే. తల ప్రాణం తోకకు వచ్చేది.

చివరికి ఒక గురువారం ముగ్గురం బయలుదేరాం. అంగట్లో గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకే బొమ్మ. రంగురంగుల చేపలు ఈదుతున్నాయి, పువ్వులు విచ్చుకుంటున్నాయి. మా ఆయన ఒక్కో చేప దగ్గరా ఆగి, దాని పొలుసులు లెక్కపెడుతున్నట్టు చూశాడు. అత్త మాత్రం స్టూలు మీద కూర్చుని, చేపలు మాకెందుకు, పొద్దున వచ్చే కార్యక్రమం పెట్టమంది. భక్తి చానెల్ పెట్టారు. అందులో అప్పుడు ప్రవచనం వస్తోంది. ఇది కాదు, పొద్దునదే కావాలంది. అది పొద్దునే వస్తుంది కదమ్మా అన్నాడు అంగడాయన. అయితే పొద్దునే వస్తాం, తెరిచి పెట్టమంది. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది.

ఆరోజు ఏమీ కొనకుండా వచ్చేశాం. ఆ తర్వాత ఇంకా రెండు మూడు గురువారాలు అట్లాగే గడిచాయి. అత్త ఏ టీవీనీ మెచ్చదు, మా ఆయన ఏ టీవీనీ నమ్మడు. ఆఖరుకు నేను తెగించాను. ఈ వారం టీవీ రాకపోతే నేను చిత్తూరు పోతాను, మీ తల్లీ కొడుకులు చరుచుకుంటూ కూర్చోండి అన్నాను. ఆ వారం ఎల్‌సీడీ ఒకటి ఇంటికి వచ్చింది.

మరుసటి రోజు పొద్దున నేను ఎంత హాయిగా ఇడ్లీ వేశానో చెప్పలేను. మీట నొక్కగానే బొమ్మ వచ్చింది. గోడ వెలిగిపోయింది. నాదస్వరం మొదలైంది, ఊరేగింపు వచ్చింది. అత్త చూసి, సరిగా లేదు అంది. ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపింది.

సరిగా లేని మాట నిజమే. చానెల్ వాళ్ళు పంపే బొమ్మ పాతకాలం టీవీ కొలతది. మా కొత్త తెర అడ్డంగా వెడల్పు. ఆ బొమ్మను తెర నిండా పరిస్తే అందరూ అడ్డంగా సాగిపోయారు. ఏనుగు పంది అయింది, అమ్మవారికి బుగ్గలు వచ్చాయి. రిమోట్‌లో వెతికితే బొమ్మను మామూలుగా చూపించే పద్ధతి దొరికింది. కానీ అప్పుడు తెరకు రెండు పక్కలా రెండు నల్ల పట్టీలు వస్తాయి. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఇంత వెతికి, ఇంత పెట్టి కొన్నది నల్ల పట్టీలు చూసుకోవడానికా అన్నాడు. మొత్తం తెర మనదే, మొత్తం వాడుకోవాలి అని తీర్మానించి, అందరి ఇళ్ళలోనూ ఇట్లాగే చూస్తున్నారు, నాలుగు రోజుల్లో కళ్ళు అలవాటు పడతాయి అన్నాడు.

అత్త కళ్ళు అలవాటు పడలేదు. ఈ బొమ్మ చూసి నేను తినలేను అంది. పాత టీవీ ఏదని అడిగింది. దాన్ని అంగడాయన పాత సామాను కింద తీసుకుపోయాడు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నేను పట్టీలు పెడితే మా ఆయన తీసేస్తాడు. రిమోట్ తన దిండు కింద దాచుకున్న పెద్దమనిషి ఆయన. డాక్టరు మాటలు గుర్తుచేసుకుని ఏ పూటకాపూట అత్తను బతిమాలి, బెదిరించి, సగం ఇడ్లీ తినిపించేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని మందు మింగినట్టు మింగేది. ఒకరోజు అదీ మింగలేదు. బస్సు పోయింది, హెడ్మాస్టరు చేత మాటలు పడ్డాను. ఇంత వెలుగు వెలిగే కొత్త టీవీ పెట్టుకుని కూడా మళ్ళీ పాత కథే.

మా ఆయన ఓడిపోయే రకం కాదు. ఇంకా వెతికి మూడో పద్ధతి కనిపెట్టాడు. అందులో తెర నడుమ ఉన్న బొమ్మ సరిగ్గా ఉంటుంది, అంచులు మాత్రమే సాగుతాయి. పట్టీలు ఉండవు. ఆరోజు పొద్దున నన్ను వంటింట్లోంచి కేకేసి పిలిచాడు. నిజంగానే అమ్మవారు చక్కగా, పాత టీవీలో ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. మా ఆయన కాలరు సర్దుకున్నాడు. అత్త తదేకంగా చూసి, సరిగా లేదు అంది.

మా ఆయన విసురుగా చెప్పులు వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం తీసుకుపోయి ఆమె ముందు నేలమీద కూర్చున్నాను.

"అమ్మవారు ఎట్ల ఉండేదో అట్లే ఉండాది కదత్తా. ఇంకేం కావాల నీకు?"

అత్త కొంగు మడతలు పెట్టుకుంది.

"అమ్మవారు బాగానే ఉండాది," అంది. "మీ మామే బాగలేడు."

నాకు అర్థం కాలేదు. అత్త తెర ఎడమ అంచు వైపు చెయ్యి చూపించింది.

"మొదట్లో ఊరేగింపు వస్తాది గదా, ఆయన బతికుండంగా తీసింది. ఈ కొసన గొడుగు పట్టుకోని నిలబడుకొని ఉండేది మీ మామే. గొడుగు అడ్డమొచ్చి మొగం సగమే అగుపడతాది. మీరెవురూ గుర్తుపట్టలేదు. నాకు తెలీకుండా యాడికి పోతాది? దీంట్లో ఆయన్ని లాగి లాగి పెట్టినారు. యానాడూ అంత లావు లేడు మ్మే ఆ మనిషి."

ఆమె నా వైపు చూడకుండా ఇంకో మాట చెప్పింది.

"అమ్మవారి కోసరం అని అందరికీ చెప్పుకుంటా ఉండాను. పాపమేమో. ఎవురికీ చెప్పొద్దు."

నేను చెప్పలేదు. కానీ మరుసటి రోజు కార్యక్రమం మొదలయ్యే ముందు మా ఆయన దిండు కింద నుంచి రిమోట్ తీసి, రెండు నల్ల పట్టీలు పెట్టాను. ఆయన అరవబోతే చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ పీట పక్కన కూర్చోబెట్టి, ఎడమ కొసన చూడమన్నాను. నాదస్వరం వచ్చింది, ఏనుగు వచ్చింది, అమ్మవారు వచ్చింది. కొసన ఒక బక్కపలుచటి మనిషి గొడుగు ఎత్తి పట్టుకుని, రెప్పపాటు నిలబడి, తెర దాటిపోయాడు. మా ఆయన చాలాసేపు అక్కణ్ణుంచి లేవలేదు. అత్త చెంపలు వేసుకుని, పెట్టుమ్మే అంది. ఇడ్లీ మొత్తం తినింది.

ఆ తర్వాత మా ఇంట్లో పట్టీల మాట ఎవరూ ఎత్తలేదు. చూడవచ్చిన వాళ్ళు, అదేంటప్పా, తెర సగం పాడైందా అంటే, మా ఆయన, మాకు అట్లాగే ఇష్టం అనేవాడు. అత్త వేళకు తినేది. చక్కెర అదుపులోకి వచ్చింది. ఆ కొన్ని నెలలు మా ఇంటికి టీవీ వల్ల ఏ చికాకూ లేదు.

తర్వాత ఒకరోజు పొద్దున నేను వంటింట్లో ఉండగా హాల్లోంచి వేరే పాట వినిపించింది. వచ్చి చూస్తే చానెల్ వాళ్ళు మొదట చూపించే ఊరేగింపు మార్చేశారు. కొత్తగా తీసింది. తెర నిండా, ఈ కొస నుంచి ఆ కొసకు, పట్టీల అవసరం లేకుండా వస్తోంది. అద్దంలా ఉంది. అమ్మవారి ముక్కుపుడక రాయి కూడా మెరుస్తోంది. పక్కన గొడుగు పట్టుకుని ఎవరో కుర్రాడు నడుస్తున్నాడు.

అత్త దాన్ని చివరిదాకా చూడలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, వంటింట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"పెట్టుమ్మే," అంది. "ఇంక ఎవురి కోసరం కాచుకునేది."

అప్పటినుంచి ఆమెకు ఏ నియమమూ లేదు. లేవగానే కాఫీ తాగుతుంది, నేను పిలిచినప్పుడు వచ్చి పలహారం తింటుంది, మాత్ర వేసుకుంటుంది. టీవీ పెడితే చూస్తుంది, లేకపోతే లేదు. ఆమె వేళకు తినాలని అన్నాళ్ళూ ఇంట్లో అందరితో పోట్లాడింది నేనే. ఊరేగింపు మారిన ఆ పూట ఆమెకు ఇడ్లీ వడ్డించబోతే మాత్రం నాకు చెయ్యి ఆడలేదు.