సెక్షన్ లేని సమావేశం

కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను కాట్రేనికోనకు ఎంపీడీవోగా, అంటే మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా వేశారు. చేరిన కొద్ది రోజులకే, వాతావరణ మార్పులపై మండల కమిటీ వేసి నెలనెలా సమావేశపరచమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

వాతావరణ మార్పులకు మన దేశంలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఉంది. దాన్నిబట్టి రాష్ట్రాలు రాసుకున్న ప్రణాళికలూ ఉన్నాయి. వీటన్నిటికీ వెన్నుగా నిలిచే చట్టం మాత్రం లేదు. ఆ లోటు ఎంతటిదో మొదటి సమావేశంలోనే తెలిసింది. ఏడు శాఖలను పిలిస్తే ఒక్కరూ రాలేదు. వచ్చింది తీరగ్రామ సర్పంచి నాగమణి గారొక్కరే.

వారి ఊరి మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట ఇనుప తలుపు తుప్పుపట్టి విరిగింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఎదురెక్కి వరిచేలలో పడుతోంది. సముద్రమట్టం పెరిగితే మేమేం చేస్తామని డ్రైనేజీ వారు, తలుపు మాది కాదని మత్స్యశాఖ వారు ఆవిడను తిప్పుతున్నారు.

ఖాళీ కుర్చీలు చూసి ఆవిడ, “వీళ్లు రాపోతే ఏవవుద్దండీ?” అని అడిగారు.

“ఏమీ కాదండీ.”

“ఆయ్. మరైతే ఎందుకొస్తారండీ?”

ఏడు శాఖలకని తెప్పించిన పకోడీలు ఆవిడా నేనూ తిన్నాం.

వాతావరణానికి చట్టం లేకపోయినా విపత్తుకు ఉంది. దాని కింద జారీ అయిన ఆదేశాన్ని సరైన కారణం లేకుండా పాటించకపోతే శిక్ష వేసే సెక్షన్ ఉంది. చేలు చవుడైపోవడం విపత్తేనని కలెక్టరేటులో వాదించి, ఆ సెక్షన్‌తో, అధికారుల పేర్లతో నోటీసులు ఇప్పించాను. ‘కాట్రేనికోన తీరంలో విపత్తు: తక్షణమే హాజరు కావాలి’ అన్న శీర్షిక నాదే.

మర్నాడు నాకంటే ముందే అందరూ ఆ ఊళ్లో దిగిపోయారు. విద్యుత్ శాఖ వారు క్రేను తెచ్చారు. పౌరసరఫరాల వారు బియ్యం లారీతో వచ్చారు. హెడ్మాస్టరు బడికి సెలవిచ్చి గదుల్లో చాపలు పరిపించారు. జాలర్లు పడవలను మెరకకు లాగేశారు. ఆకాశంలో మబ్బుతునక లేదు. డ్రైనేజీ ఇంజినీరు గారు రెయిన్‌కోటులో చెమటలు కక్కుతూ, “తుఫాను ఎన్నింటికి తీరం దాటుద్దండీ?” అన్నారు.

నేను నోరు తెరిచేలోగా నాగమణి గారు అందుకున్నారు. “మా ఊళ్లో పోటుకోసారి దాటుద్దండీ. రండి, చూద్దురుగాని.”

వచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లలేక ఆవిడ వెంట నడిచారు. ఇంజినీరు గారు ఉప్పునీటిలో దిగి తలుపు చూశారు. క్రేను ఎలాగూ ఉంది గనుక విరిగిన తలుపును పైకి లాగించి, అడ్డంగా ఇసుక బస్తాలు వేయించారు. కొత్త తలుపుకు అంచనా గట్టు మీదే రాశారు. వానాకాలపు సార్వా నాట్లకు ముందే అది బిగించారు.

జనాన్ని హడలగొట్టినందుకు నాకు సంజాయిషీ మెమో వచ్చింది. విపత్తు అని రాశాను గానీ తుఫాను అని ఎక్కడా రాయలేదని జవాబిచ్చాను. హెచ్చరించి వదిలేశారు.

కొన్ని దేశాలు వాతావరణానికే చట్టం చేసుకుని, ఏ పని ఎవరిదో, చేయకపోతే చట్టసభకు ఎవరు జవాబు చెప్పాలో అందులోనే రాసుకున్నాయని తరవాత చదివాను. మనం పక్క చట్టాలు అరువు తెచ్చుకుని నెట్టుకొస్తున్నాం. అలా కూడా పని జరుగుతుంది, కాకపోతే ఎండలో రెయిన్‌కోట్లు వేసుకోవాల్సి వస్తుంది. ప్రణాళిక ఎంత బాగా రాసినా, పాటించాల్సిన అధికారి పేరు దాని కింద పడేదాకా అది కాగితమే.