మధ్యాహ్నపు లోయ

షామ్‌బర్గ్‌లో మేం కొనుక్కున్న ఇంటికి బేస్‌మెంట్‌లో ఒక చిన్న బాత్రూమ్ ఉండేది. మావారు దాని కిటికీకి నల్లగుడ్డ కొట్టి, తలుపు సందులో తువ్వాలు కుక్కి, ఎర్ర బల్బు పెట్టి డార్క్‌రూమ్ చేసుకున్నారు. వారమంతా ఆఫీసు, శనివారం ఆ గది. ఆయన తీసేవన్నీ నలుపు తెలుపు ఫోటోలే. ప్రయాణాల్లో చూసిన కొండలు, చెరువులు, ఖాళీ రోడ్లు. మనుషులు ఉండేవారు కాదు.

ఫిల్మ్ మీది బొమ్మను పెద్దది చేసే మిషన్ నుంచి ఫోటో కాగితం మీద వెలుగు పడుతున్నప్పుడు ఆయన అరచేతిని మధ్యలో ఆడించేవారు. చేతి నీడ పడినచోట కాగితం తక్కువ నల్లబడుతుంది. అలా చీకట్లో మునిగిపోయిన రాళ్ళను పైకి తెచ్చేవారు. ఆకాశం మరీ వెలిసిపోతే అక్కడ మాత్రం ఇంకాస్త వెలుగు పడనిచ్చేవారు.

"చెయ్యి ఆపకూడదు. ఆపితే అచ్చు పడుతుంది. చూసేవాళ్ళకి కొండ కనపడాలి గానీ నా చెయ్యి కాదు," అనేవారు.

షుగర్ కళ్ళలోకి దిగిందని డాక్టర్ చెప్పిన వేసవిలో ఆరిజోనా వెళ్ళాం. లేజర్ చేశారు గానీ చూపు నిలుస్తుందని మాటివ్వలేదు. అందుకే వెళుతున్నామని ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు. దారంతా నేనే డ్రైవ్ చేశాను. గ్రాండ్ కాన్యన్ లోయ అంచున మిట్టమధ్యాహ్నం, నీడ లేని ఎండలో, ఆయన చాలాసేపు కెమెరా పట్టుకుని నిలబడ్డారు.

తిరిగొచ్చాక ఆ ఫోటోలు ప్రింట్ చేసి, ఒక ఆదివారం భోజనానికొచ్చిన స్నేహితులకి చూపించారు. అందరూ బాగున్నాయన్నారు. ఆ మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. వాళ్ళ చిన్నమ్మాయి ఒక ఫోటో చేతిలోకి తీసుకుంది.

"అంకుల్, ఇది నైట్‌లో తీశారా?"

"లేదమ్మా, లంచ్ టైమ్‌లో."

"మరి స్కై ఎందుకు బ్లాక్ ఉంది?"

వాళ్ళమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. మావారు ఫోటో తీసుకుని కిటికీ దగ్గరకెళ్ళి ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశారు. వాళ్ళు వెళ్ళాక నన్నడిగారు.

"అన్నీ ఇలాగే ఉన్నాయా?"

"అన్నీ నల్లగానే ఉన్నాయండి. మీకలాగే కావాలేమో అనుకున్నాను."

"నాకు మామూలుగానే కనపడ్డాయే," అన్నారు.

తన కంటికి ఆనేదాకా నలుపు పెంచుకుంటూ పోయారని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

ఆ పై శనివారం నన్ను కిందికి తీసుకెళ్ళారు. వెనక నిలబడి నా మణికట్టు పట్టుకుని ఆడించడం నేర్పారు. చాలా కాగితాలు పాడుచేశాను. చివరికి ఒకటి కుదురుతోందనిపించింది. మందునీళ్ళలో కాగితం మీద బొమ్మ తేలుతుంటే ఆయన అడుగుతున్నారు.

"నది కనపడుతోందా?"

"సన్నగా."

"సన్నగానే ఉంటుంది. లోయ గోడ మీద చారలు?"

"ఇప్పుడిప్పుడే వస్తున్నాయి."

"ఆకాశం?"

"ఆ రోజు ఉన్నట్టే ఉంది."

"అయితే తీసెయ్యి," అన్నారు. తను చూస్తానని అడగలేదు. గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను ఆ తడి ఫోటో పట్టుకుని కన్నీళ్ళు ఆగేదాకా అక్కడే ఉండిపోయాను.

ఆ ఫోటో హాల్లో పెట్టాం. చూపు పూర్తిగా పోయాక కూడా ఎవరొచ్చినా దాని ముందు నిలబడి ఆయనే వివరించేవారు. నది ఎక్కడుందో, ఏ గోడ ఎంత దూరమో, అంతా సరిగ్గానే చెప్పేవారు. కొన్నేళ్ళకి ఒకరోజు, ఆఫీసు నుంచి చూడటానికొచ్చిన ఒకాయనతో, "పైన ఆ మబ్బు చూశారా? అది లోయ మీదికి వచ్చేదాకా కూర్చున్నాం," అన్నారు.

ఆ ఫోటోలో మబ్బు లేదు. ఆ రోజు ఆకాశంలోనూ లేదు. వచ్చినాయన నావైపు చూశాడు. నేను తలూపాను.

"చాలా బాగా వచ్చిందండీ," అన్నాడాయన.