పెట్రోలు మూత మీద బొట్టు

మూలపడ్డ పాత ట్రాక్టరును మేడమ్ గారు జడపిన్నుతో బాగుచేశారని మా శాఖలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ముందుగానే పదవీ విరమణ తీసుకున్న రోజున సభలో కూడా ఇదే చెప్పి చప్పట్లు కొట్టారు. పిన్ను మాట నిజం. మిగతాది వాళ్లకు అనువుగా కుదిరిన కథ.

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది నేను నిడదవోలు దగ్గర ఒక వ్యవసాయ యంత్ర శిక్షణ కేంద్రంలో అసిస్టెంట్ ఇంజనీరును. ఇప్పటి ట్రాక్టర్లన్నీ డీజిలువి, వాటికి కార్బురేటర్ ఉండదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే ఆ భాగాన్ని చూపించడానికే మా షెడ్డులో ఒక పాత పెట్రోలు ట్రాక్టరును ఉంచారు. దాని డ్రైవరు సత్తిబాబు గారు, ఔట్‌సోర్సింగ్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద.

దసరా వెళ్లిన వారం నుంచి బండి మొరాయించింది. పావుగంట చక్కగా నడిచేది. తరువాత గొంతు పట్టేసినట్టు దగ్గేది. థ్రాటిల్ ఎంత లాగినా వేగం అందుకోక ఆగిపోయేది. పుస్తకంలో ఉన్న వరసలోనే వెళ్లాను. థ్రాటిల్ కడ్డీలు చూశాను, పెట్రోలు చిమ్మే జెట్లు ఊదించాను, పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటును సరిచేశాను. కార్బురేటర్‌ను మూడుసార్లు విప్పాను. ఆగిన ప్రతిసారీ పెట్రోలుందా అని ట్యాంకు మూత తీసి చూసేవాళ్లం. మళ్లీ స్టార్టయ్యేది. నా రిపేరు ఫలించిందనుకునేదాన్ని.

"మూత తీసినప్పుడల్లా బుస్సుమంటందండి. తీస్తేనే నడుస్తంది, బిగిస్తే చచ్చిపోతంది," అన్నారు సత్తిబాబు గారు.

"బుసకొట్టడానికి అదేమైనా పామాండీ? మీరు స్టీరింగు చూసుకోండి, ఇంజను నేను చూసుకుంటాను," అన్నాను. షెడ్డులో అందరూ నవ్వారు. నవ్వించినందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

ట్యాంకు కింద పెట్రోలు వడకట్టే గాజు గిన్నెలో రెండు చుక్కల నీళ్లు కనిపించాయి. మా తేమ గాలిలో అది మామూలే. అయినా రిపోర్టులో 'కారణం' గడి ఖాళీగా ఉంచకూడదని 'ఇంధనంలో నీరు' అని రాశాను. మా కేంద్రం డిప్యూటీ డైరెక్టరు గారు దాని పక్కన 'డ్రైవరు పెట్రోలు కాజేసి నీళ్లు కలిపాడు' అని చేర్చారు. సత్తిబాబు గారిని ఆ వారమే తీసేశారు.

కొత్త డ్రైవరు ఎక్కాడు. బండి పావుగంటకే ఆగింది. ఈసారి మూత నేనే తీశాను. బుస్సుమంది. మూత తిప్పి చూశాను. గాలి పోవడానికి దాని నడుమ పిన్ను మొన దూరేంత బెజ్జం ఉంటుంది. అది గంధంతో గట్టిగా పూడిపోయింది. పెట్రోలు తగ్గే కొద్దీ లోపలికి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. కార్బురేటర్ ఎండిపోతుంది. మూత తీయగానే అన్నీ సర్దుకునేవి. జడలోని పిన్ను తీసి పొడిచాను. బండి ఆ పూటంతా ఆగలేదు.

ఆ గంధం పెట్టింది నేనే. ఆయుధ పూజనాడు డిప్యూటీ డైరెక్టరు గారే, "ఆడవాళ్ల చేత్తో పెడితే మంచిదమ్మా. ట్యాంకుకి కూడా ఒకటి పెట్టండి, దాహమేసేది దానికే కదా," అన్నారు. ట్యాంకు మూత నడుమ గంధం దట్టంగా అద్ది, పైన కుంకుమ పెట్టాను.

రిపోర్టు మార్చాలని అడిగితే ఆయన నవ్వారు. "బొట్టు వల్ల బండాగిందని రాస్తే మనల్ని చూసి నవ్విపోతారండీ. వదిలేయండి." నేను వదల్లేదు. పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. పిన్ను కథ మాత్రం పుట్టింది.

ఆ మధ్య పట్టిసీమ రేవు దగ్గర సత్తిబాబు గారు ఎవరిదో ట్రాక్టరు తోలుతూ కనిపించారు. జరిగినదంతా చెప్పాను. ఆయన బండి దిగలేదు.

"ఆ మాట నాకెందుకండీ, ఆ కాగితానికి చెప్పండి. దొంగోడని ఎవరూ పనిలో పెట్టుకోక ఏడాది ఖాళీగా కూర్చున్నాను," అన్నారు. గేరు వేస్తూ, "ఈసారి బొట్టు హెడ్‌లైటుకి పెట్టండి మేడమ్ గారూ," అని సాగిపోయారు.

నేర్చుకున్నది ఇంతే. యంత్రాన్ని విప్పేముందు దాని మీద కూర్చునే మనిషి మాట వినాలి. లోపాన్ని మన చేత్తో మళ్లీ పుట్టించి చూసేదాకా 'కారణం' గడి ఖాళీగానే ఉంచాలి.

బొట్టు పెట్టమన్నది డిప్యూటీ డైరెక్టరు గారు, పెట్టింది నేను. మరి ఆ ఫైలులో దొంగగా ఇప్పటికీ సత్తిబాబు గారి పేరే ఎందుకుంది?