దానియేలు సారు, నడిమి గీత

మొన్న ఉదయం నడకకు వెళ్లినప్పుడు, ఖమ్మంలో మా ఇంటి దగ్గరి మైదానంలో ఎవరో బాస్కెట్‌బాల్ కోర్టుకు కొత్తగా గీతలు వేస్తున్నారు. తడి మట్టి మీద సున్నం పడ్డ వాసన ముక్కుకు తగలగానే కడుపులో మంట లేచింది. ఎనభై దాటినవాణ్ణి కదా, అజీర్తి అనుకుంటారేమో. కాదు, అది అసూయ. దాని వయసు అరవై ఏళ్ల పైమాటే. అది గుర్తొస్తే మా దానియేలు సారు గుర్తు రాకుండా ఉండరు.

ఆయన మా కాలేజీలో ఆటల మాస్టారు. సన్నటి మనిషి, మెడలో బూటు లేసుకు కట్టిన విజిల్. మా వైపు బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో మట్టి కోర్టు చదును చేయించి, చిల్లుల డబ్బాలో సున్నం పోసుకొని తానే వంగి గీతలు గీసేవారు. నేను ఆయనకు మొదటి శిష్యుణ్ణి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఏన్కూరు వచ్చి పొలాలు కొన్న రైతు. జట్టు మొత్తంలో కాన్వాసు బూట్లు ఉన్నది నా ఒక్కడికే. తెల్లవారగానే బకెట్లతో కోర్టు తడిపేవాణ్ణి. అయినా తిట్లన్నీ నాకే.

“ఏంది ప్రసాదూ, బంతిని పెండ్లి చేసుకున్నవా? ఇడువు జర!” అని అరిచేవారు. ఆ తిట్లే ముద్దు అనుకున్నాను, జోగయ్య వచ్చేదాకా.

జోగయ్యది పర్ణశాల అవతల అడవిలో ఒక కోయ ఊరు. హాస్టల్లో ఉండేవాడు. బుట్టలో బంతి వేసే ఆట ఎన్నడూ చూడలేదు, వాడికి తెలిసిందల్లా చెడుగుడు. మొదటి రోజు సారు బంతి చేతికిస్తే, దమ్ము బిగబట్టి, ఏదో కూత గొణుక్కుంటూ, బంతి తట్టుకుంటూ మా మధ్యలోంచి పాములా జారిపోయి బుట్టలో వేశాడు. వేసి ఊరుకున్నాడా, వెనక్కి పరుగెత్తుకొచ్చి నడిమి గీతను కాలితో గట్టిగా తొక్కాడు. గీత తొక్కితేనే కూత గెలిచినట్టు కదా చెడుగుడులో! మేమంతా పడీ పడీ నవ్వాం. సారు మాత్రం నవ్వలేదు.

“అవ్, గట్లనే ఆడు బిడ్డా” అన్నారు.

“ఇది చెడుగుడు కాదని చెప్పండి సార్” అన్నాను నేను.

“వాడు గీత కాడికి ఉరికొస్తుంటే మన బుట్టకు కావలి దొరుకుతుంది. నువ్వు బంతి ఏసినంక చప్పట్ల కోసం ఆడనే నిలబడ్తవ్.”

నన్ను “బిడ్డా” అని ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు.

ఆ ఏడు మా జట్టు వరసగా గెలిచింది. గెలిచిన ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు. ఆట అయ్యాక సారు తన తువ్వాలు వాడికిచ్చి, హాస్టల్ దాకా మాట్లాడుకుంటూ నడిచేవారు. వెనకాల నేను. పోనీ వాడు మెత్తని మనిషా అంటే, అదీ కాదు. “నీ బూట్లు నీకన్న మంచిగ ఆడ్తయిరా” అని అందరి ముందూ అనేవాడు. పై ఏడాది కెప్టెన్ ఎవరో వరంగల్ పోటీలయ్యాక చెప్తానన్నారు సారు. ఆ పేరు జోగయ్యదే అవుతుందని నాకు రోజురోజుకూ గట్టిపడింది. ఆ పదవి నాదని, రెండేళ్లు నీళ్లు మోసి సంపాదించుకున్నానని అనుకునేవాణ్ణి.

వరంగల్‌లో ఫైనల్ రోజు పొద్దున కుళాయి దగ్గర వాడు కాళ్లు కడుక్కుంటున్నాడు. పక్కన చేరాను.

“ఒక మాట చెప్తా, ఏమనుకోకు. నువ్వు గీత తొక్కుతుంటే జనం నవ్వుతున్నారు. సారుకు తలవంపులుగా ఉందట. నీతో చెప్పడానికి ఆయనకు నోరు రావట్లేదు.”

“సారు అన్నడా?”

“నాతోనే అన్నారు.”

వాడు కడిగిన కాలే మళ్లీ కడుక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు కడుపు చల్లబడింది.

ఆ సాయంత్రం జోగయ్య బంతి వేసిన ప్రతిసారీ వెనక్కి సగం తిరిగి, ఆగి, సారు వైపు చూశాడు. గీత దాకా మాత్రం రాలేదు. అవతలి జట్టు పొడుగు బంతులు విసిరింది, మా బుట్ట దగ్గర ఎవరూ లేరు. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం.

“గీత ఎందుకు తొక్కలే బిడ్డా?” అని అడిగారు సారు.

జోగయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. “మర్చిపోయిన సార్” అన్నాడు. నేను వంగి, ముడి ఊడని బూటు లేసు మళ్లీ కట్టుకున్నాను.

వారం తిరక్కుండానే సారు నన్ను కెప్టెన్ చేశారు. ఆ సంతోషం ముల్లున్న చేప ముక్కలా గొంతు దిగలేదు. చదువయ్యాక నేను పంతుల్నయ్యాను. జోగయ్య అటవీ శాఖలో చేరాడు. సారు రిటైరై బూర్గంపాడులో స్థిరపడ్డారు. ఇరవై ఏళ్ల తరవాత ఇక మోయలేక అక్కడికి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను.

ఆయన చాయ్ తాగుతూ తాపీగా విన్నారు. “నాకు ఎరికే. వరంగల్ నుంచి వాపస్ వచ్చేటప్పుడు రైల్లనే జోగయ్యను గుచ్చి గుచ్చి అడిగి చెప్పించిన.”

“మరి నన్నెందుకు కెప్టెన్ చేశారు సార్?”

“నేను వాణ్ణే అనుకున్న. వాడే ఒద్దన్నడు. ‘ప్రసాదుకు ఇయ్యండి సార్, లేకుంటే కుళ్లి కుళ్లి ఆడుడే మర్చిపోతడు’ అన్నడు.” సారు నవ్వారు. “ఎండాకాలం వాడు ఈడికి వస్తడు గద, గీ ముచ్చట చెప్పుకొని ఇద్దరం నవ్వుకుంటం.”

పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది. కానీ తిరుగు బస్సులో నాకు కలిగింది మళ్లీ ఆ పాడు మంటే. ఇరవై ఏళ్లుగా వాళ్లిద్దరూ నా గురించి, నేను లేకుండా, కూర్చుని నవ్వుకుంటున్నారు!

బడిలో నాకొక అలవాటుండేది. ఒక పిల్లవాణ్ణి మెచ్చుకునే ముందు పక్కనున్నవాడి ముఖం చూసేవాణ్ణి. అది సారు నేర్పింది కాదు, సారు వల్ల వచ్చింది. ఆ చూపు వల్ల కొందరు పిల్లలైనా నాలా కాకుండా ఉండి ఉంటారు. నేను మాత్రం మారలేదు. సారు పోయి చాలా ఏళ్లయింది. ఆ మరుసటి ఏడే జోగయ్య కూడా పోయాడు. కబురు విని ఏడ్చాను. ఏడుస్తూనే అనుకున్నాను: సారు దగ్గరికి ఈసారి కూడా వాడే ముందు చేరాడు.