గడి ముందు దిగని పెళ్లిబండి

మా చిన్నప్పుడు మా రూతక్క పెళ్లికి తెల్లచీర కట్టుకుంటే నాయనమ్మ ఇంట్లోకి రానన్నది... "శుభమా అని పెండ్లి చేసుకుంట ముండమోసినట్టు ఈ తెల్లచీరేందే?" అని వాకిట్లోనే కూర్చున్నది. చివరికి అమ్మ ఆ తెల్లచీర కొంగుకు ఇంత పసుపు రాసింది. పాస్టరు అయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అవి నిజాం రోజులు. హసన్‌పర్తి అవతల పల్లె మాది. మా వాడలో సగం ఇళ్లు కొత్తగా క్రైస్తవంలో కలిశాయి. మేం ప్రార్థన చేసుకునే గుడి ఊరికి ఆ చివరన. మధ్యలో దొర గడి... కోటలాంటి ఇల్లు. మా వాడ పెళ్లిబండి ఏదైనా అక్కడ ఆగాలి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు దిగి, చెప్పులు చేతబట్టి, దర్వాజకు దండం పెట్టి, గడి గోడ దాటేదాకా నడవాలి. ఎప్పటి నుంచో తెలియదు, అందరూ అట్లాగే చేసేవారు.

"నేను దిగ" అన్నది అక్క.

నాయిన భయం వేరే. మేం దున్నే చెలక దొరది. పొమ్మంటే పోవాల్సిందే. దొరలకు ఎదురు తిరిగిన సంగం పోరగాళ్లు, కర్రలు పట్టుకుని బండి వెంట వస్తామన్నారు. అయ్యగారు వద్దన్నారు.

"పెండ్లిల రాజకీయం కలపొద్దు బిడ్డా."

"బండ్ల కూసునుడు గూడ రాజకీయమేనా అయ్యగారూ?" అన్నది అక్క.

పొద్దున బండి కదిలింది. అక్క, పెళ్లికొడుకు సామేలు బావ ముందు కూర్చున్నారు. నేను వెనక గడ్డి మీద. అయ్యగారు పక్కనే సైకిల్ నడిపించుకుంటూ... గడి దగ్గర దొర జవాను ఎదురొచ్చి ఎడ్ల ముకుతాళ్లు పట్టుకున్నాడు.

"దిగున్రి. మీకు కొత్తగ చెప్పాల్నా?"

నాయిన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "దిగు బిడ్డా... జర సేపే గద."

"ఎడ్లు అలసిపోలేదు నాయినా. నేనెందుకు దిగాలె?"

బావ కూడా కదలలేదు.

"అయితే పొద్దుమూకేదాక ఈడ్నే ఉండున్రి. పెండ్లి ఎట్లయితదో చూస్త" అన్నాడు జవాను.

అక్క అయ్యగారి వైపు తిరిగింది. "గుడిదాక పోవుడెందుకు అయ్యగారూ? ఈడ్నే చెయ్యున్రి పెండ్లి."

అయ్యగారు గడి వైపు ఒకసారి చూశారు. తర్వాత సైకిల్ తీసుకెళ్లి ఆ గడి గోడకే ఆనించారు. సంచిలోంచి పుస్తకం తీశారు.

"ఏం జేస్తాండ్రు?" అన్నాడు జవాను.

"పెండ్లి. నువ్వు జర ఎడ్లను గట్టిగ పట్టుకో, కదలకుండ."

వెనక ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మా పెళ్లిళ్లలో ప్రమాణాలకు ముందు అడగాల్సిన మాట ఒకటుంది... ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. అయ్యగారు ఆ మాట గడి మేడకు వినబడేట్టు అడిగి, ఆగారు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. ఆయన జవాను వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తరు? నాకేం లేదు" అన్నాడు వాడు, రెండు చేతుల్లో రెండు ముకుతాళ్లతో.

పెళ్లయింది. నాయిన బండి వెనక్కి మళ్లించాడు. అక్క దిగింది మా వాకిట్లోనే.

తొలకరి పడకముందే దొర చెలక లాక్కున్నాడు. నాయిన కాజీపేటలో రైలుపట్టాల పనికి కూలిగా పోయాడు. అక్కను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత మా వాడలో జరిగిన పెళ్లి మా మతం వాళ్లది కాదు, పోశమ్మకు మొక్కే ఇంటివాళ్లది... వాళ్ల బండీ గడి ముందు ఆగలేదు.

ఇప్పుడు అక్కడ మొండిగోడలే మిగిలాయి. ముందు ఖాళీ జాగా ఉందని పెళ్లి కార్లన్నీ సరిగ్గా అక్కడే ఆపుతారు. కొత్త జంట నవ్వుకుంటూ దిగి బ్యాండుకు డ్యాన్సు చేస్తారు. మనవరాళ్లు నన్నూ చేయి పట్టి లాగుతారు... నాకు మాత్రం అక్కడ కారు దిగబుద్ధి కాదు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే అడగండి... మీ ఊరి గడి ముందు నుంచి మీ పెళ్లిబండ్లు ఎట్లా పోయేవో. వాళ్లు ఉండగానే అడిగి, ఇక్కడ రాయండి.